పన్నెండు గంటల మాత్ర

ఆరు గాజు కుండలు, ఒంటి వేడికి కాచిన నీళ్ళు,
నిమిషానికి యాభై చుట్లు తిరిగే తెడ్లు.
ఒక్కోదాంట్లో ఒక్కో మాత్ర జారవిడిచి
కుర్చీ లాక్కుని కూర్చుంటాను.
క్రామ్లింగ్టన్ ల్యాబులో రాత్రి డ్యూటీ అంటే
మనిషి లేని కడుపులకు కాపలా.

మొదటి గంటకు మాత్ర ఒళ్ళు చేస్తుంది,
నానిన సబ్జాగింజలా చుట్టూ జిగురు కట్టుకుంటుంది.
ఆ జిగురులో దారి వెతుక్కుంటూ మార్ఫిన్
రేషన్ క్యూలో జనంలా
ఒకరి వెనక ఒకరుగా బయటికొస్తుంది.
రెండో గంట, నాలుగు, ఎనిమిది.
కాస్త నీరు తోడి, సీసాలో పోసి, చీటీ అంటిస్తాను.
తెల్లారేసరికి కాగితం మీద ఒక గీత,
ఎద్దు వీపంత మెత్తటి వాలు.
ఆ వాలు చెడకుండా చూసినందుకే నా జీతం.

ఆలస్యం అమృతం విషం అని
రెండో తరగతిలో పలక నిండా దిద్దించారు.
ఇక్కడ సామెత తలకిందులు.
ఆలస్యంగా అందితే అమృతం,
తొందరపడితే అదే సరుకు విషం.

ఆషింగ్టన్‌లో మా పక్కింటి విల్ఫ్ చార్ల్టన్
ముప్ఫై ఏళ్ళు ఎలింగ్టన్ గనిలో
సముద్రం కింద వంగి బొగ్గు తవ్వాడు.
ఆ సముద్రం ఇంకా నడుం మీంచి దిగలేదు.
నన్ను "పెట్" అంటాడు, ఇక్కడ అది ముద్దు పిలుపు.
ఒకరోజు గోడ దగ్గర, చెవులు ఎర్రబడి,
"మింగిన మాత్ర మింగినట్టే
దొడ్లోకి వచ్చేసింది పెట్. పనిచెయ్యట్లేదేమో."
"అది కుబుసం విల్ఫ్, పాము ఎప్పుడో వెళ్ళిపోయింది."
నవ్వాడు. నమ్మలేదనుకుంటా.

నొప్పికి గడియారం చూడ్డం రాదు.
మందు పన్నెండు గంటలకు సర్దుకుని నడుస్తుంటే
అది పదో గంటకే వచ్చి తలుపు బాదుతుంది.
మిగిలిన ఆ రెండు గంటల గురించి
మా కాగితాల్లో ఒక్క ముక్క లేదు.
ఉడికేదాకా ఆగినవాడు
చల్లారేదాకా ఆగలేడా అంటారు.
నడుం పోయినవాణ్ణి అడిగి చూడండి.

ఆ రెండు గంటల్లోనే, జనవరిలో,
విల్ఫ్ మాత్రను మింగకుండా కొరికాడు.
పైన రెండు పెగ్గులు. గని మూసిన తారీఖట.

మా దగ్గర దానికీ ఒక పరీక్ష ఉంది.
కుండలో సారా కలిపి చూస్తాం,
జిగురు నిలుస్తుందా,
గేటు ఊడి క్యూ అంతా ఒక్కసారే తోసుకొస్తుందా అని.
గీత గోడలా లేస్తే ఆ బ్యాచ్ పారబోస్తాం.

గోడ మీద డొరీన్ పిడికిలి.
నేను వెళ్ళేసరికి అతని పెదాలు నీలం,
నిమిషానికి నాలుగు ఊపిరులు.
లెక్కపెట్టడం నా పని కదా, లెక్కపెట్టాను.
అంబులెన్సువాళ్ళు నాలొక్సోన్ ఇస్తే
బూతులు తిడుతూ లేచాడు.
అంత కమ్మటి బూతులు నా జన్మలో వినలేదు.
అది గంటలో అలిసిపోతుందట, మార్ఫిన్ అలవదట,
రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచేశారు.

ఇప్పుడు నా కుండల్లో కొత్త రకం.
సుత్తితో కొడితే అప్పడంలా పరుచుకుంటుంది గాని
పొడి కాదు. నీళ్ళు తగిలితే బంక.
మీటింగులో అందరూ చప్పట్లు, నేనూ కొట్టాను.
మంచిదే. కొరికేవాడి పళ్ళకు అడ్డం పడుతుంది.
ఒకటికి మూడు మింగేవాడికి ఏ బంక అడ్డం?
తాళం దొంగను ఆపుతుంది.
విల్ఫ్ దొంగ కాదు.

డాక్టరు మోతాదు మార్చాడు, సీసాలు పారబోయించాడు.
డొరీన్ మాత్రల్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి
తాళంచెవి మెడలో వేసుకుంది.
సాయంత్రం ఆరింటికి, పదో గంట మొదలయ్యాక,
నేను వాళ్ళింటికి వెళ్తాను.
డామినోలు పరుస్తాం. అతను ఓడితే గొణుగుతాడు,
గెలిచినా గొణుగుతాడు,
మధ్యలో బల్ల అంచు పట్టుకుని కాసేపు మాట్లాడడు.
ఎనిమిదింటికి డబ్బా తెరుచుకుంటుంది,
నాకు బస్సొస్తుంది.

ఇప్పుడు ఏడూ నలభై.
"నీ వంతు విల్ఫ్," అంటాను.